తెర మీద గీతలొస్తే ముందు ఒక స్క్రీన్‌షాట్ తీయండి

కంప్యూటర్ తెర మీద రంగురంగుల చుక్కలో, అడ్డగీతలో వస్తే బొమ్మని తెరకి పంపే గ్రాఫిక్స్ కార్డు పోయిందని వెంటనే కొత్తది కొనేయకండి. ఒక స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌లో తెరిచి చూడండి. ఆ బొమ్మలో గీతలు లేకపోతే తప్పు చాలావరకు కేబుల్‌దో, మానిటర్‌దో అయ్యుంటుంది. కేబుల్ మారిస్తే తేలిపోతుంది. బొమ్మలోనూ గీతలుంటే డ్రైవర్‌నో (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్), కార్డునో అనుమానించాలి.

ఆ రెండింటిలో ఏదో తెలియాలంటే కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. అప్పటికి విండోస్ డ్రైవర్ ఇంకా లోడ్ అవదు. అక్కడా చుక్కలు కనిపిస్తే డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

అప్పుడు కూడా కార్డు మీద ఆశ వదులుకోవద్దు. నా కంప్యూటర్‌లో బరువుకి కార్డు ఒక పక్కకి వాలి, దాన్ని గుచ్చే స్లాట్‌లో ఒక కొస వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. ప్లగ్ పీకేసి, కార్డు బయటికి తీసి, బంగారు రంగు అంచుని మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, టక్‌మనే దాకా నొక్కి పెట్టాను. గీతలు మాయం!

ఆటలు ఆడేటప్పుడే తెర నల్లబడుతుంటే కార్డుకి వచ్చే పవర్ కేబుల్ చూడండి. స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లే, 8 పిన్నుల కేబుల్ 150 వాట్ల దాకా ఇస్తుంది. అది వదులైతే ఇంతే. దుమ్ము కూడా ఊదేయండి, కాకపోతే ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకుని ఊదండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతినొచ్చు.