డీప్ స్కై ఫొటోలు (గెలాక్సీలు, నెబ్యులాల్లాంటి దూరపు వాటివి) మొదలెట్టే ముందు ఫోకస్, ఫ్రేమింగ్ జాగ్రత్తలు

- ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ రెండూ ఆఫ్.

- లెన్స్ మీద ఇన్ఫినిటీ గుర్తుని నమ్మకండి, అక్కడికి తిప్పి వదిలేస్తే చుక్కలన్నీ ఉబ్బిపోయి వస్తాయి. వేగానో సిరియస్‌నో, అలా బాగా మెరిసే చుక్కని లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద) 10 రెట్లు జూమ్ చేసి ఫోకస్ రింగ్ మెల్లగా తిప్పండి, చుక్క చిన్నదవుతూ చిన్నదవుతూ మళ్ళీ పెద్దదవుతోందంటే దాటేశారన్నమాట, కాస్త వెనక్కి రండి. బహ్తినోవ్ మాస్క్ (లెన్స్ ముందు పెట్టే గాడుల మూత) ఉంటే ఇంకా సుఖం, దాంతో చుక్క ఎక్స్ ఆకారంలో, మధ్యలో ఒక గీతతో కనిపిస్తుంది, ఆ మధ్య గీత ఎక్స్‌కి సరిగ్గా నడుమకి వస్తే చాలు (తర్వాత మాస్క్ తియ్యాలి, నవ్వకండి, చాలామంది మర్చిపోతారు). రింగ్‌కి టేప్ వేసేయండి.

- చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి చూసుకోవాల్సిందే. ఉన్నట్టుండి మసకేస్తే లెన్స్ మీద మంచు పట్టిందేమో ముందు చూడండి.

- ఆండ్రోమెడా గెలాక్సీ దాదాపు 3 డిగ్రీల పొడవు, అంటే ఆరు నిండు చందమామలు వరసగా పెట్టినంత, ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాకి 200 ఎంఎం లెన్స్ హాయిగా సరిపోద్ది, ఇంకా పెద్ద లెన్స్ ఉంది కదా అని ఆవేశపడొద్దు. స్టెల్లేరియంలో (ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్) మీ సెన్సర్, లెన్స్ కొలతలిచ్చి ఫ్రేమ్ ముందే చూసుకోండి.

- ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) బాగా పెంచి 5 సెకన్ల టెస్ట్ షాట్ తీస్తే మీరు తీసేది ఫ్రేమ్‌లో ఎక్కడుందో తెలిసిపోతుంది. దాన్ని అంచుకి ఆనించకండి, స్టాకింగ్ (చాలా షాట్లని ఒకదానిమీద ఒకటి కలపడం) అయ్యాక అంచులు కత్తిరించాల్సొస్తుంది.

- ఫ్రేమ్ కదిపాక ఫోకస్ ఇంకోసారి చూశాకే అసలు షాట్లు.