అద్దె ఇంటి హాల్‌లో టేకు, షీషమ్, లామినేట్ కలవట్లేదా?

హైదరాబాద్‌లో అద్దెకు దొరికే టూ బీహెచ్‌కేల్లో చాలావరకు హాల్, డైనింగ్ మధ్య గోడ ఉండదు. అమ్మావాళ్లు ఇచ్చిన టేకు సోఫా, మనం కొన్న షీషమ్ డైనింగ్ టేబుల్, ఓనర్ గోడకు బిగించిన లామినేట్ (బోర్డు మీద చెక్క డిజైన్ షీటు అంటించిన) టీవీ యూనిట్, మూడూ ఒక్క చూపులోనే కనిపిస్తాయి. ఉన్నవి అమ్మేసి కొత్త సెట్ కొనాలేమో అనుకుంటున్నారా? వద్దు, ముందు కింద రాసినవి చూడండి.

విడివిడిగా బాగున్నాయి, కలిపి చూస్తే గోడౌన్‌లా ఉంది

కారణం: చెక్క రకాలు ఎక్కువవడం కాదు, వాటి ఛాయలు పడకపోవడం. టేకుది బంగారు పసుపు ఛాయ, షీషమ్‌ది కాస్త ఎరుపు కలిసిన ముదురు గోధుమ. రెండూ వెచ్చటి రంగులే కాబట్టి పక్కపక్కన ఉన్నా ఇబ్బంది లేదు. చాలా ఇళ్లలో అసలు పేచీ బూడిద ఛాయ ఉన్న లామినేట్‌తోనే వస్తుంది.

పరిష్కారం: పగటిపూట లైట్లన్నీ ఆపేసి, ఒక్కో చెక్క పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి, పసుపా ఎరుపా బూడిదా అన్నది వెంటనే తెలిసిపోతుంది (షాపుకి వెళ్లేటప్పుడు కూడా ఆ కాగితం జేబులో పెట్టుకోండి, అక్కడి పసుపు లైట్ల కింద ఏ చెక్కయినా టేకులాగే మెరుస్తుంది). ఏ ఛాయ ఎక్కువుందో దాన్నే పెద్దగా ఉంచి, ఇంకోటి తోడుగా పెట్టుకుని, మూడోదాన్ని వీలైనంత కప్పేయండి. ఓనర్ యూనిట్‌కి పెయింట్ వేయొద్దు, స్టిక్కర్ కూడా అడగకుండా అంటించొద్దు, ఖాళీ చేసే రోజు అంచు లేచొస్తే అడ్వాన్స్‌లో కోసేస్తారు. దాని మీద పుస్తకాలు, వెదురు బుట్టలు, రెండు మొక్కలు పెడితే చాలు, చూపు అటు పోతుంది.

సోఫా వైపు ఒక ఇల్లు, డైనింగ్ వైపు ఇంకో ఇల్లులా ఉంది

కారణం: టేకంతా ఒక పక్క, షీషమంతా ఇంకో పక్క చేరింది. ఏ చెక్కయినా గదిలో కనీసం రెండు చోట్ల కనిపించాలి. టేకు స్టూల్ ఒకటి డైనింగ్ వైపు జరపండి, షీషమ్ ఫోటో ఫ్రేమో ట్రేయో సోఫా దగ్గర పెట్టండి. సోఫా కింద వరంగల్ జంపఖానా ఒకటి పరిస్తే తెల్ల టైల్స్ మీద ఫర్నిచర్ తేలిపోయినట్టు ఉండదు. డైనింగ్ టేబుల్ చుట్టూ మాత్రం 3 అడుగులు వదలండి, లేకపోతే కుర్చీ లాగిన ప్రతిసారీ సోఫాకి తగులుతుంది.

పగలు బాగుంది, రాత్రి చెక్కంతా పాలిపోయింది

6500 కెల్విన్ తెల్ల లైటే కారణం (కెల్విన్ అంటే లైటు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా మారుతుంది). సోఫా దగ్గర 3000 కెల్విన్, డైనింగ్ మీద 3000 నుంచి 4000 మధ్య ఎల్‌ఈడీ పెట్టండి. ఓనర్ బల్బులు దాచి ఉంచి, వెళ్లేటప్పుడు తిరిగి బిగించేయండి. నా లెక్కలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు తెచ్చేది ఇదే.

యూనిట్ అడుగు అంచు ఉబ్బింది

రోజూ తడిగుడ్డ పెడుతుంటే, లామినేట్ కింద ఉండే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అడుగునుంచి నీళ్లు పీలుస్తుంది. ఉబ్బినది మళ్లీ తగ్గదు. మీ సొంత యూనిట్లయితే ఇప్పుడే కింద రబ్బరు బుష్‌లు వేయించండి, ఓనర్‌దైతే ఇంట్లో దిగిన రోజే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేయండి.