శ్రమదానం రోజున సద్ది: 20 మందికి లెక్క

చెరువుగట్టున సర్కారు తుమ్మ కొట్టినా, గుర్రపు డెక్క లాగినా, ఆరింటికి పని మొదలుపెడితే తొమ్మిదిన్నరకల్లా కడుపులు కాలతాయి. ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోమంటే సగంమంది బిస్కెట్ ప్యాకెట్‌తో దిగుతారు. అందరికీ ఒకేచోట వండుకెళ్లడమే మేలు.

20 మందికి 2.5 కిలోల బియ్యం సరిపోతుంది. కిలోన్నర పులిహోరకు, కిలో దద్దోజనానికి. పులిహోరకు చింతపండు 150 గ్రాములు, నూనె 200 మిల్లీలీటర్లు, ఉప్పు 60 గ్రాములు, పల్లీలు 200 గ్రాములు. పల్లీలు పడనివాళ్లు ఉన్నారేమో ముందురోజే అడగండి. వేయించి విడి డబ్బాలో పట్టుకెళ్తే వాళ్లకూ ఇబ్బంది ఉండదు, పల్లీలూ మెత్తబడవు.

సద్ది పాడయ్యేది ఎక్కువగా మూత దగ్గరే. వేడన్నం మీద మూత బిగిస్తే ఆవిరి నీళ్లై లోపలే కారుతుంది, అడుగు జిగటగా మారుతుంది, విప్పేసరికి వాసన తెలిసిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి వండి, వెడల్పాటి పళ్లేల్లో రెండు వేళ్ల మందాన పరిచి ఫ్యాను కింద చల్లార్చి, ఆ తర్వాతే పులుసు కలపండి. రాత్రంతా బయట వదిలేసిన అన్నం వాడొద్దు. అందులో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

దద్దోజనంలో పెరుగు ఎక్కువేస్తే తినే వేళకు పులిసి నోట పెట్టలేం. మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు లీటరున్నర పోసి, పెరుగు చిన్న కప్పుడు మాత్రం కలపండి. గట్టుకు చేరి తినేలోపు తోడుకుంటుంది. ఎండాకాలంలో బగోనెకు తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టి, పది దాటకముందే ముగించండి. ఉడకబెట్టిన గుడ్లు తెస్తే పెంకుతోనే తేవాలి.

తాగడానికి మనిషికి 3 లీటర్ల చొప్పున 20 లీటర్ల క్యాన్లు మూడు. చేతులు కడగడానికి కుళాయి ఉన్న క్యాన్ మరొకటి. దీన్ని మాత్రం మర్చిపోవద్దు, చెరువు నీళ్లతో సరిపెట్టుకోవద్దు. హైదరాబాద్ నగరంలోని చాలా చెరువుల్లో మురుగు కలుస్తుంది, ఎలుక జ్వరం అంటుకునేదీ ఇలాంటి నీళ్లతోనే. వయ్యారిభామ పీకినవాళ్లు గ్లౌజులు తీసేసి సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకోవాలి. ఆ చేత్తోనే ముఖం తుడుచుకుంటే దద్దుర్లు, దురద. మజ్జిగకు లీటరు పెరుగు, నాలుగు లీటర్ల నీళ్లు, నాలుగైదు చెంచాల ఉప్పు. అల్లం, కరివేపాకు దంచి వేసి వడకట్టండి.

కూర్చునే ముందు తలెత్తి చూడండి. కొమ్మకు తేనెపట్టు వేలాడుతుంటే ఆ చెట్టు నీడ మనకొద్దు. వడ్డన ఇద్దరికే అప్పగించండి. ఎవరికి వాళ్లు చెయ్యి పెడితే బగోనె అంతా పాడవుతుంది. విస్తర్లు మోదుగాకువైతే మంచిది. అవి కూడా అక్కడ పారేయకుండా సంచిలో వేసి తేవాలి.

మెతుకులు చల్లితే పిట్టలు తింటాయిలే అనుకోవడం మంచి మనసే గానీ తప్పు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన, హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు లాంటి చోట మెతుకుల కోసం ముందొచ్చేవి కాకులు, కుక్కలు. తీతువు గుడ్లు పెట్టేది గట్టు మీది ఉత్త నేల మీదే. ఆ గుడ్లను మెతుకుల వెంట వచ్చిన కుక్క వదలదు. మిగిలిన పులిహోర ఇంటికి తెచ్చుకోవచ్చు. దద్దోజనం మిగిలితే మూతపెట్టి తెచ్చి, కంపోస్టు గుంతలో వేసి మట్టి కప్పండి.