వానలు పడకముందే రెక్క సందులు మూసేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

జూన్ రెండో వారం దాటితే హైదరాబాద్‌లో వాన ఎప్పుడు దంచుతుందో చెప్పలేం. అందుకే సొంతంగా విమానం కట్టుకుంటున్నవాళ్లు రెక్కకీ బాడీకీ మధ్య సందు మూసే పని మే నెలలోనే ముగించేద్దాం అనుకుంటారు. నేనూ అదే చేశా, కొంత చెడగొట్టుకున్నా కూడా, అది కూడా కలిపే చెప్తా.

ఆ సందు వేలు పట్టేంతే కదా అనిపిస్తుంది గానీ ఎగిరేటప్పుడు రెక్క కింద ప్రెషర్ ఎక్కువ, పైన తక్కువ, దాంతో గాలి ఆ సందులోంచి కింద నుంచి పైకి తన్నుకొస్తుంది, లిఫ్ట్ (పైకి లేపే బలం) కొంత పోతుంది, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) పెరుగుతుంది, చెదిరిన గాలి వెనక్కి పోయి తోకకి తగిలితే స్టిక్ (విమానాన్ని తిప్పే కర్ర) వణుకుతుంది. అందరూ స్పీడ్ కోసమే మూస్తారు. నా భయం మాత్రం ఎగ్జాస్ట్ గురించి. ముందు ఇంజిన్ ఉన్న చాలా విమానాల్లో పొగ గొట్టం బాడీ కిందకే వదులుతుంది, ఆ పొగ పొట్ట వెంబడే వెనక్కి పోతుంది, కాక్‌పిట్ లోపల ప్రెషర్ బయటికంటే తక్కువైతే దొరికిన ప్రతి సందులోంచీ లోపలికి లాక్కుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పీ మత్తూ వస్తే ఎండ దెబ్బేమో అనుకుంటాం. కాబట్టి ముందు ఒక సీవో (కార్బన్ మోనాక్సైడ్) డిటెక్టర్ కొనండి, సందులు మూసే సామాను తర్వాత కొందురు గానీ.

ఇక ఫిట్టింగ్. ఫెయిరింగ్ (సందు మీద కప్పే పలుచని తొడుగు) పెట్టకముందే లోపల ఉన్నవన్నీ అయిపోయాయా చూసుకోవాలి. స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) బోల్ట్‌లు చెప్పినంత బిగువుకి టార్క్ చేసి మార్క్ గీశారా, ఫ్యూయల్ లైన్ జాయింట్లు కారట్లేదా, పిటో (స్పీడ్ కొలిచే) పైపు, లైట్ల వైర్లు, ఐలెరాన్ (రెక్క చివర కదిలే పలక) రాడ్లు ఎక్కడా ఒరుసుకోకుండా ఉన్నాయా. అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి, ఆర్నెల్ల తర్వాత ఆ బోల్ట్‌కి కాటర్ పిన్ (నట్ ఊడకుండా గుచ్చే పిన్) పెట్టానా లేదా అని రాత్రిపూట గుర్తొస్తే అప్పుడు తెలుస్తుంది ఆ ఫొటో విలువ. ఫెయిరింగ్‌ని రివెట్ కొట్టేయకండి, ప్లేట్‌నట్లు (షీట్‌కి ముందే బిగించి ఉండే నట్లు) పెట్టి స్క్రూలతో బిగించండి, ఇన్స్పెక్షన్‌కి మళ్లీ విప్పాలి కదా. రెక్క గాల్లో పైకి వంగుతుంది, అందుకని ఫెయిరింగ్‌ని రెండు వైపులా గట్టిగా పట్టేయకూడదు, రెక్కవైపు స్క్రూలు, బాడీవైపు రబ్బర్ బీడింగ్ ఆనుకుని జరిగేలా ఉండాలి. స్క్రూ రంధ్రం మధ్య నుంచి షీట్ అంచుకి కనీసం రంధ్రం సైజుకి రెండింతలు వదలండి, లేకపోతే అంచు చీలుతుంది. ఇక ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలక) పూర్తిగా దింపి, ఎత్తి, స్టిక్ నాలుగు మూలలకీ తిప్పి చూడకుండా మాత్రం ఆ రోజు షెడ్ మూయకండి.

సీలెంట్ దగ్గర నేను చేసిన తప్పు చెప్తా. బాత్‌రూమ్‌కి వాడే సిలికాన్ ట్యూబ్ ఇంట్లో మిగిలిపోతే అదే రాసేశా. వెనిగర్ వాసన వస్తోందంటే అది ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతోందని అర్థం, అల్యూమినియంకి అది తుప్పు పట్టిస్తుంది, తెల్ల పొడిలా లేస్తుంది. గీకేసి పెయింట్ వేస్తే చేప కళ్లలాగా గుండ్రటి గుంటలు పడ్డాయి, ఎక్కడెక్కడ సిలికాన్ మరక ఉందో అక్కడల్లా పెయింట్ దూరంగా జరిగిపోయింది. మళ్లీ శాండింగ్, మళ్లీ వైపింగ్, రెండు ఆదివారాలు పోయాయి. న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు ఆ యాసిడ్ వదలని) రకమో, పాలీసల్ఫైడ్ సీలెంటో వాడండి, అది కూడా పెయింట్ అయ్యాకే.

ఎపాక్సీతో ఫైబర్ ఫెయిరింగ్ చేసేవాళ్లకి మే నెల వేరే పరీక్ష. పది డిగ్రీలు వేడి పెరిగితే రెసిన్ గట్టిపడే టైమ్ దాదాపు సగానికి పడిపోతుంది, 25 దగ్గర అరగంట ఇచ్చేది 35 దగ్గర పావుగంటకే గట్టిపడుతుంది, అదే గ్లాసులో పోసి పెడితే పొగలు కూడా వస్తాయి. కొంచెం కొంచెంగా వెడల్పు ట్రేలో కలుపుకోండి, పొద్దున్నే చేసుకోండి. చెమ్మ ఉన్న రోజు చేస్తే పైన జిడ్డు పొర వస్తుంది, అది నీళ్లతో కడిగి రుద్దాకే రెండో పొర.

మూసేశాక నాకు పెద్ద పని చేసి పెట్టినట్టు అనిపించింది. బాలానగర్‌లో మెషిన్ షాపులో జీవితమంతా పనిచేసి రిటైరైన ఫిట్టర్ ఒకాయన ఉన్నారు, అందరం కాకా అంటాం, ఆయన వంగి చూసి "గాలి రావొద్దని మూసినవ్ మంచిదే, మరి నీళ్లెట్ల పోవాలె?" అన్నారు. నేను కింద ఉన్న డ్రెయిన్ హోల్స్ కూడా స్పాంజ్‌తో కప్పేశా! ఆ స్పాంజ్ నీళ్లు పీల్చే రకం, వానాకాలం మొత్తం అల్యూమినియానికి తడిగుడ్డ చుట్టి పెట్టినట్టే. నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమే వాడాలి, అట్టడుగు రంధ్రాలు వదిలేయాలి, వాటిల్లో కందిరీగలు మట్టి గూడు కట్టకుండా వారానికోసారి చూడాలి. ఎలుకల సంగతి సరేసరి, రబ్బర్ అంటే వాటికి బిర్యానీ.

టేప్ వేసేవాళ్లు పెంకుటిల్లు గుర్తు పెట్టుకోండి. వెనక ముక్క ముందు అతికించి, దాని మీదకి ముందు ముక్క వచ్చేలా వేయాలి, అప్పుడు ఎదురుగాలి అంచు కింద దూరదు. స్టాటిక్ పోర్ట్ (బయటి గాలి ప్రెషర్ కొలిచే చిన్న రంధ్రం) దగ్గర్లో మాత్రం టేప్ వద్దు.

టెస్ట్ చాలా సింపుల్. రాత్రి షెడ్ లైట్లు ఆపేసి కాక్‌పిట్‌లో టార్చ్ పెట్టి చుట్టూ తిరగండి, ఎక్కడ వెలుగు కారుతుందో అక్కడ గాలీ కారుతుంది. నాకు ఫ్లాప్ మొదట్లో సన్నగా దారంలాంటి గీత కనిపించింది. తర్వాత ఇంజిన్ రన్‌లో వెంట్లు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి సీవో రీడింగ్ చూడండి, గాల్లో లెక్క మారుతుంది కాబట్టి ఫస్ట్ ఫ్లైట్‌లోనూ క్లైంబ్‌లో, క్రూజ్‌లో చూడాల్సిందే. ఒక పక్క బాగా మూసి ఇంకో పక్క వదిలేస్తే స్టాల్‌లో (రెక్క లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు) ఒక రెక్క ముందు జారొచ్చు, అందుకే రెండు పక్కలా ఒకేలా చేసి, చేసింది లాగ్‌బుక్‌లో రాసి, డీజీసీఏ (విమానాలపై ప్రభుత్వ నియంత్రణ సంస్థ) పర్మిషన్ వచ్చాక, ఎత్తులో, అనుభవం ఉన్న పైలట్‌తోనే ఆ స్టాల్ టెస్ట్.

నాది ఇంకా ఇంజిన్ రన్స్ దాకానే వచ్చింది. రెండో రన్ తర్వాత స్క్రూలు విప్పి చూస్తే కుడివైపు రబ్బర్ మీద ఫ్లాప్ గీసిన గీత, గోరంత పొడవు. ఒక మిల్లీమీటర్ ఫైల్ చేసి మళ్లీ బిగించా.