సోలో ల్యాండింగ్‌కి ముందు ఇవి చూసుకోండి

జూన్ వస్తోంది, ఈదురుగాలులు మొదలవుతాయి. సెస్నా 172 శిక్షణ విమానం మీద సోలోకి, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా వెళ్లబోయే పిల్లలు ఒక్కసారి ఇది చదవండి.

బౌన్స్ అయితే విమానం ముక్కు కిందికి తొయ్యకండి. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. విమానం రన్‌వే మీద పడి లేవగానే చెయ్యి దానంతట అదే యోక్‌ని (విమానాన్ని నడిపే హ్యాండిల్‌ని) ముందుకు నెట్టేస్తుంది, అప్పుడు ముందు చక్రం ముందుగా తగిలి విమానం ఇంకా గట్టిగా ఎగురుతుంది, రెండో దెబ్బకో మూడో దెబ్బకో ఆ చక్రం కాలు విరిగి ప్రొపెల్లర్ నేలని కొడుతుంది. ఇక ఇంజన్ మొత్తం విప్పి చూడాల్సిందే. అందుకే బౌన్స్ అయితే ఫుల్ థ్రాటిల్ (ఇంజన్ పూర్తి శక్తి) ఇచ్చి గో అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా తిన్నగా దిగే చివరి దశలో, వేగం 65 నాట్ల (గంటకి సుమారు 120 కిలోమీటర్ల) దగ్గర ఉంచండి. ఎక్కువైతే తేలుతూ పోతారు, బౌన్స్‌కి అదే నాంది.

గాలి ఎటు వీస్తోందో చూపే విండ్‌సాక్‌ని దిగే ముందు చివర్లో కూడా చూడండి. విమానం హ్యాండ్‌బుక్‌లో పక్కగాలికి రాసిన 15 నాట్లు టెస్ట్ పైలట్ చేసి చూపించిన లెక్క. మీకు మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన హద్దే హద్దు.

జరగకూడనిది జరిగితే మిక్స్చర్ (ఇంజన్‌కి వెళ్లే ఇంధనం పాళ్లు సరిచేసే లివర్), ఫ్యూయల్, మాగ్నెటోలు (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చేవి), మాస్టర్ (కరెంటు మెయిన్ స్విచ్) ఆపేసి దూరంగా వెళ్లండి.

తర్వాత విమానాన్ని ఎవరినీ కదపనివ్వకండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే రేకులు) ఎక్కడున్నాయి, ట్రిమ్ (ముక్కు నిలకడగా ఉండేలా చేసే సర్దుబాటు) ఎంతుంది, ప్రొపెల్లర్ రన్‌వే మీద గీసిన గీతల మధ్య ఎడం ఎంత అన్నవే విమాన ప్రమాదాల్ని పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఏఏఐబీ దర్యాప్తుకి ఆధారాలు, ఆ ఎడాన్ని బట్టి వేగం కూడా అంచనా వేస్తారు.

వాళ్లడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆ దర్యాప్తు మళ్లీ ఇలా జరగకుండా చూడ్డానికే, తప్పు ఎవరి మీదో వేయడానికి కాదు.