తేమను కోరే ఆకుల మొక్కలు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి చికిత్స

చేమ, అలొకేసియా, కెలాడియం, కలాతియా, ఫెర్న్‌లు, మెట్టతామర వంటివి పెంచేవారు ఆకు వాడినట్టు కనిపించగానే నీళ్ల పైపు అందుకుంటారు. ఈ మొక్కలకు తేమ కావాలన్నది నిజమే. కాని ఆ తేమ వేళ్ల దగ్గర ఎంత ఉండాలి, ఆకుల చుట్టూ ఉన్న గాలిలో ఎంత ఉండాలి అన్నది మొక్కను బట్టి మారుతుంది. చేమ, మెట్టతామర నిలిచిన నీటిలో కూడా హాయిగా పెరుగుతాయి. కలాతియా, అలొకేసియా, ఫెర్న్‌లలో చాలావరకు అడవి నీడలో, గుల్లగా ఉండే ఆకుమట్టిలో పెరిగే జాతులు కాబట్టి వాటి వేళ్లకు తడితో పాటు గాలి కూడా ఆడాలి. అందుకే నీరు పోసే ముందు మూడు విషయాలు గమనించాలి: దెబ్బతిన్నది ముదురాకా లేతాకా, ఆకులో అంచా మధ్యభాగమా, మట్టి రెండంగుళాల లోతున తడిగా ఉందా లేదా.

మట్టి తడిగానే ఉన్నా ఆకులు వాలిపోతున్నాయి

సాయంత్రానికి కూడా నిలబడకపోతే ఇది దాదాపు ఎప్పుడూ వేరుకుళ్లే. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండిపోయి గాలి ఆడకపోతే వేళ్లు ఊపిరాడక చనిపోతాయి, ఆ చనిపోయిన వేళ్ల మీద శిలీంధ్రాలను పోలిన పిథియం వంటి సూక్ష్మజీవులు చేరతాయి. అప్పుడు చుట్టూ నీరున్నా మొక్క తాగలేదు. నిర్ధారించుకోవడానికి మొక్కను కుండీ నుంచి మట్టితో సహా బయటికి తీసి, ఒక సన్నని వేరును రెండు చేతివేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు పైతొక్క గోధుమ రంగు తొడుగులా జారి చేతికి వచ్చేస్తుంది, లోపల దారంలాంటి పోగు మాత్రమే మిగులుతుంది. మట్టి మురుగు వాసన వేస్తుంది.

కుళ్లిన వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన ద్రావణంలో మిగిలిన వేళ్లను కొద్దిసేపు ముంచి, కొత్త మట్టిలో నాటాలి. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ సమపాళ్లలో తీసుకుని, అందులో సగం పాలు ముతక ఇసుక కలిపితే తడి నిలుస్తుంది, నీరు మాత్రం నిలవదు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కనుక రెండుమూడు నీళ్లు మార్చి కడిగాకే వాడాలి. నల్లరేగడిలో నేరుగా నాటేవారు వానాకాలానికి ముందే ఎత్తు మడి కట్టుకోవడం మంచిది.

మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి నిలబడుతున్నాయి

వేళ్లు అందించే నీటికంటే పెద్ద ఆకులు ఆవిరి చేసే నీరు ఆ వేళలో ఎక్కువవడమే దీనికి కారణం. మట్టి తడిగా ఉంటే అదనంగా నీరు పోయకూడదు. వేసవి ముగిసే వరకు 50 నుంచి 75 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టి, మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిస్తే చాలు.

ఆకుల అంచులు, కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నాయి

మన ప్రాంతంలో ఎక్కువమందిని బాధించేది ఇదే. దీనికి రెండు కారణాలున్నాయి, రెండింటికీ చికిత్స వేరు. మొదటిది పొడిగాలి. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, రాయలసీమల వడగాడ్పులకు కలాతియా ఆకులు గొట్టంలా చుట్టుకుంటాయి, మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ రెండు రోజుల్లోనే పొడిపొడిగా రాలిపోవచ్చు. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇంత బాధ ఉండదు. ఆకుల మీద నీరు చిలకరిస్తే ఆ తేమ కొన్ని నిమిషాలే నిలుస్తుంది. దానికంటే మొక్కలన్నీ దగ్గరదగ్గరగా గుంపుగా పెట్టి, గులకరాళ్లు వేసి నీరు నింపిన పళ్లేల మీద కుండీలను నిలిపి, గాడ్పు వచ్చే దిక్కున తడిపిన గోనెసంచి తెర కడితే ఫలితం కనిపిస్తుంది.

రెండో కారణం నీటిలోని లవణాలు. కుండీ అంచున, మట్టి పైన తెల్లని పెచ్చు కట్టి ఉంటే అనుమానం అక్కర్లేదు. ఇందులో ఫ్లోరైడ్‌ది ప్రత్యేకమైన పాత్ర: అది నీటితో పాటు ఆకు కొనకు చేరి అక్కడే పేరుకుపోయి కణజాలాన్ని చంపుతుంది. కలాతియా, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ దీనికి బాగా లొంగుతాయి. భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువని ఎన్నో దశాబ్దాలుగా తెలిసిన నల్లగొండ ప్రాంతంలో బోరునీటితో కలాతియా పెంచాలనుకోవడం ఆ మొక్కకు అన్యాయమే. నీటిని మరిగించినా, రాత్రంతా నిలవ ఉంచినా ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. ఇళ్లలో ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని వృథా కాకూడదనే మంచి ఉద్దేశంతో మొక్కలకు పోస్తుంటారు, కాని వడకట్టిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే. ఈ మొక్కలకు అది పనికిరాదు.

వాననీటిని డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోవడం అన్నిటికంటే మేలు. లేదా కుళాయికి వచ్చే నదీజలం వాడాలి. పేరుకున్న లవణాలు పోవడానికి కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం గుండా పూర్తిగా కారనివ్వాలి. సూపర్ ఫాస్ఫేట్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఈ మొక్కలకు వేయకూడదు. ఎండిన అంచులు మళ్లీ పచ్చబడవు, కొత్తాకు శుభ్రంగా వస్తే సమస్య తీరినట్టే.

లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, క్షార స్వభావమున్న నేల, సున్నపు నీరు దాన్ని వేళ్లకు అందనివ్వవు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ముందు ఒక్క ఆకు మీద చల్లి చూసి, మాడకపోతే మొక్కంతా సాయంత్రం పూట చల్లాలి. ముదురాకులు మొదట పసుపెక్కితే అది నత్రజని లోపం కావచ్చు. వర్మీకంపోస్ట్ వేస్తే సరిపోతుంది.

వానల్లో చేమాకుపై గుండ్రని మచ్చలు

నీటిలో నానినట్టున్న చిన్న మచ్చ వలయాలు వలయాలుగా పెరుగుతూ, ఉదయం పూట దాని మీద పసుపు, నారింజ రంగు బొట్లు కనిపిస్తే అది ఫైటోఫ్తోరా ఆకుమాడు తెగులు. ముసురు పట్టిన రోజుల్లో కొద్ది రోజులకే ఆకంతా కూలిపోతుంది. సోకిన ఆకులు కోసి దూరంగా పారేసి, మొక్కల మధ్య ఎడం పెంచి, మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరుకు 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయాలి. మందు కొట్టిన చేమాకులను కూరకు కోయకూడదు.

రంధ్రాలు, సన్నని చుక్కలు

ఎడాపెడా రంధ్రాలు, జిగురు మెరుపు గీతలు నత్తల పని. రాత్రి తడి గోనెసంచి పరిచి, తెల్లవారి దాని కింద చేరినవాటిని ఏరివేయాలి. ఎండాకాలంలో ఆకు మీద సూదిమొన అంత లేత చుక్కలు, అడుగున సన్నని గూడు ఉంటే ఎర్రనల్లి. ఆకు అడుగుభాగాన్ని నీటిధారతో కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె చల్లాలి. ఫెర్న్‌ల మీద మాత్రం నూనె, సబ్బు చల్లవద్దు, అవి మాడిపోతాయి.

జబ్బులా కనిపించేవి

ఫెర్న్ ఆకు అడుగున వరుసగా ఉండే గోధుమ చుక్కలు పురుగులు కావు, సిద్ధబీజాల గుంపులు. చేమాకు కొన నుంచి ఉదయం కారే నీటిబొట్టు కూడా సహజమే. చలికాలంలో కెలాడియం ఆకులన్నీ పడిపోతే దుంప నిద్రలోకి వెళ్లిందని అర్థం. ఆ సమయంలో నీరు పోస్తే దుంప కుళ్లుతుంది కనుక, దాన్ని తవ్వి ఆరబెట్టి, పొడి ఇసుకలో నీడపట్టున దాచి, మార్చిలో తిరిగి నాటి, మొలక కనిపించే వరకు మట్టిని చెమ్మగా మాత్రమే ఉంచాలి.