చదువుకు కూర్చునే పాఠాలు – 4: తప్పిన రోజు మర్నాడు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. చిన్న నోటుపుస్తకం తీసుకుని, రోజూ ఎన్ని గంటలు చదివారో కాకుండా, ఎన్ని గంటలకు కుర్చీలో కూర్చున్నారో మాత్రం రాయమన్నాను. ఏడు రోజులకు ఏడు పంక్తులు. ఆ పుస్తకం తెరిచి పక్కన పెట్టుకోండి. ఈ పాఠానికి అదే పాఠ్యపుస్తకం.

అందులో ఏముంటుందో నా అంచనా చెబుతాను. మొదటి మూడు రోజులు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. నాలుగో రోజో ఐదో రోజో ఒక ఖాళీ. ఆ తర్వాత అన్నీ ఖాళీలే. కొందరు ఆ ఖాళీలను ఆదివారం రాత్రి ఒకే ఊపులో నింపేసి కూడా ఉంటారు. ముప్పై ఏళ్లు ప్రాక్టికల్ రికార్డులు దిద్దినవాడిని, ఒకే రాత్రి రాసిన వారం రోజుల సిరా ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్ల మీద కోపం లేదు. ఈ పాఠం అవసరం వాళ్లకే ఎక్కువ. ఏడు పంక్తులూ ఏ రోజుది ఆ రోజే రాసినవాళ్లు మాత్రం ఈ వారం సెలవు తీసుకోవచ్చు. ఏదో ఒక నెలలో వాళ్లూ ఈ పేజీ వెతుక్కుంటూ వస్తారు.

ఆంధ్రులు ఆరంభశూరులని పాత నింద ఒకటి ఉంది. ఆ మాటతో నాకు పేచీ. మొదలుపెట్టి మధ్యలో ఆపేయడం అన్ని దేశాలవాళ్లూ చేసేదే. కష్టమల్లా ఆపిన దాన్ని మళ్లీ మొదలుపెట్టడంలో ఉంది. మొదటి ఆరంభానికి కొత్త పుస్తకాలుంటాయి, రంగు పెన్సిళ్లతో గీసిన టైంటేబుల్ ఉంటుంది, అమ్మ దీపం పెట్టి దండం పెట్టుకోమంటుంది. రెండో ఆరంభానికి ఇవేవీ ఉండవు, పైగా సిగ్గు ఉంటుంది. ఈ వారం మనం నేర్చుకోబోయేది ఆ రెండో ఆరంభం.

ముందు లెక్క తేల్చుకుందాం. ఒక రోజు తప్పితే నష్టమెంత? లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాల పాటు గమనించింది. ఒక్కొక్కరు ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో చేయాలి. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం లాంటివి. 2010లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. 21 రోజుల్లో అలవాటు వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. మనకు కావలసిన సంగతి ఇంకొకటి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ అడ్డంకి రాలేదు. పండు తినడం, భౌతికశాస్త్రం చదవడం ఒకటి కావు, ఒప్పుకుంటాను. చదువుకు ఇంకా ఎక్కువ రోజులే పడతాయని నా అనుభవం. కానీ ఒక్క రోజు ఖాళీకి అంత శక్తి లేదన్నది చదువు విషయంలోనూ నేను చూసిన నిజమే.

మరి ఖాళీ తర్వాత అన్నీ ఖాళీలే ఎందుకు అవుతాయి? దీనికి మన సామెతే ఉంది: నిండా మునిగినవాడికి చలేమిటి. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు, ఎంతైనా తినవచ్చన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ నోరు కట్టుకునేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు! ఎలాగూ పథ్యం చెడింది, ఇంకేం మిగిలిందని. నియమం ఎంత గట్టిగా పెట్టుకుంటే, అది ఒకసారి చెడ్డాక అంత గట్టిగా వదిలేస్తారన్నమాట. ‘రోజూ నాలుగింటికి లేస్తాను’ అని ఒట్టు పెట్టుకున్నవాడు ఒక రోజు ఆరింటికి లేస్తే, ఆ మిగిలిన రోజంతా కూడా వదులుకుంటాడు. రెండు గంటలు పోయాయని పద్నాలుగు గంటలు పారేయడం.

నా సంగతి చెబుతాను. ఇంటర్ హాస్టల్లో ఉండి చదివాను. తెల్లవారుజామున ఐదింటికి గంట, స్టడీ అవర్లు, వరండాలో వార్డెన్ చెప్పుల చప్పుడు. రెండేళ్లలో ఒక్క రోజు కూడా చదువు తప్పలేదు. నేను చాలా క్రమశిక్షణ గలవాణ్ణని నమ్మాను. డిగ్రీకి పట్నంలో అద్దె గది తీసుకున్నాక తెలిసింది, ఆ క్రమశిక్షణ వార్డెన్‌ది, నాది కాదని. మొదటి నెలలోనే చుట్టాల పెళ్లికి వెళ్లి మూడు రోజులు తప్పాను. వచ్చిన రాత్రి కూర్చుని ఏం చేశానంటే, ఆ మూడు రోజుల తొమ్మిది గంటలనూ బాకీగా వేసుకుని, మర్నాటి నుంచి రోజుకు ఆరు గంటలని కొత్త టైంటేబుల్ గీశాను. మొదటి రోజు రెండు గంటలు చదివాను. బాకీ పెరిగింది. ఇంకో టైంటేబుల్ గీశాను, రోజుకు ఎనిమిది గంటలని. దసరా నాటికి నా గది గోడమీద అయిదు టైంటేబుళ్లు ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి అందంగా. అర్ధసంవత్సర పరీక్షలో గణితంలో నూటికి 19 వచ్చాయి. హాస్టళ్ల నుంచి బయటికి వచ్చిన పిల్లలు మొదటి ఏడాదిలో చతికిలబడడం చూసినప్పుడల్లా నాకు ఆ గోడే గుర్తుకొస్తుంది. వాళ్లకు చదవడం చేతకాక కాదు. తప్పిన రోజును ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే హాస్టల్లో తప్పడానికి వీలే లేదు.

కాబట్టి మొదటి మెట్టు, బాకీ కొట్టివేయడం. పొలానికి ఒక తడి తప్పితే, మర్నాడు రెండు తడుల నీళ్లూ ఒకేసారి పెడితే ఏమవుతుందో రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. నిన్నటి గంటలను ఇవాళ్టికి కలపకండి. ఇవాళ మూడు గంటలైతే మూడు గంటలే. నిన్న పోయిన పాఠం సంగతేమిటని అడుగుతారు. దానికి వారంలో ఒక చోటు ముందే ఖాళీగా ఉంచాలి. ఆదివారం ఉదయం గంటన్నర అనుకోండి. ఆ వారం తప్పినవన్నీ ఆ గంటన్నరలోకి రావాలి. పట్టనివి పునశ్చరణ రోజులకు వెళ్తాయి. వారమంతా ఏదీ తప్పకపోతే ఆ గంటన్నర మీ సొంతం, క్రికెట్ ఆడుకోండి.

బాకీ కొట్టివేస్తే బద్ధకం పెరగదా అని తండ్రులు అడుగుతుంటారు. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో వోల్, పిచిల్, బెనెట్ అనేవాళ్లు 2010లో ప్రచురించిన పరిశీలన దీనికి జవాబు. మొదటి సంవత్సరం విద్యార్థులు 119 మందిని తీసుకున్నారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినవాళ్లలో, తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తమను తాము తిట్టుకుంటూ ఉన్నవాళ్లకు ఆ మేలు జరగలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పుస్తకం చూసినప్పుడల్లా నిన్నటి తప్పు గుర్తొస్తుంటే చేయి పుస్తకం మీదికి వెళ్లదు, ఫోను మీదికి వెళ్తుంది. అయితే క్షమించుకోవడమంటే ‘ఏమీ కాలేదులే’ అనుకోవడం కాదు. తప్పింది అని రాసుకోవాలి, అక్కడితో వదిలేయాలి.

ఎలా రాయాలి? మీ నోటుపుస్తకంలో ఖాళీ పంక్తి దగ్గరికి వెళ్లండి. కారణం రాయండి. ‘బద్ధకం’ అని రాస్తే మార్కులు లేవు. అది కారణం కాదు, తిట్టు. ‘మూడ్ లేదు’ కూడా చెల్లదు. గడియారంలో చదువు చేజారిన నిమిషం పట్టుకోవాలి. ‘ఎనిమిదింటికి భోంచేసి మంచం మీద వాలాను, ఫోను తీశాను, మళ్లీ టైము చూస్తే పదింపావు’ అన్నది కారణం. ఇందులో మనం మార్చగలిగిన వస్తువు ఒకటి కనబడుతోంది, మంచం. ‘కరెంటు పోయింది, వచ్చేసరికి నిద్రపోయాను’ అన్నదీ మంచి పంక్తే. ‘మామయ్య వాళ్లు వచ్చారు’ అన్నది సగం పంక్తి. వాళ్లు తొమ్మిదికి వెళ్లిపోయాక మీరు ఏం చేశారో మిగతా సగం.

ఆ పంక్తి దొరికాక దాని కింద ఇంకో వాక్యం రాస్తాం. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పనిచేసిన విషయమిది. 1997లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఆయనా వెరోనికా బ్రాండ్‌స్టాటరూ జర్మనీ విద్యార్థులకు క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాసి పంపమని చెప్పారు. సగం మందిని మాత్రం, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. నిర్ణయించుకున్నవాళ్లలో మూడింట రెండు వంతులకు మించి గడువులోగా రాశారు. మిగతావాళ్లలో మూడో వంతు. తెలివీ పట్టుదలా అందరికీ ఒకటే. తేడా అంతా ఒక్క వాక్యానిది.

తెలుగులో ఈ వాక్యానికి మనకొక సౌకర్యం ఉంది. ‘తే’ అనే ప్రత్యయం. ‘వస్తే’, ‘పోతే’, ‘అయితే’. కరెంటు పోతే, వీధి లైటు పడే మెట్ల మీద కూర్చుని నోటితో సూత్రాలు అప్పజెప్పుకుంటాను. చుట్టాలు వస్తే, వాళ్లు వెళ్లిన వెంటనే చెప్పులు విడవకుండానే వెళ్లి బల్ల దగ్గర కూర్చుంటాను. భోంచేస్తే, మంచం మీద కాక అరుగు మీద కూర్చుంటాను. ‘తే’ తర్వాత వచ్చేది చేతులూ కాళ్లూ చేసే పని కావాలి. ‘శ్రద్ధగా ఉంటాను’ అన్నది పని కాదు.

ఇప్పుడు అసలు ఘట్టం, తప్పిన రోజు మర్నాడు. ఆ రోజు పూర్తి చదువు పెట్టుకోవద్దు. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ పట్టుబట్టి చెబుతున్నాను. ఆ రోజుకు పది నిమిషాల పని ఒకటి ముందుగానే రాసి పుస్తకం అట్ట లోపల అంటించి ఉంచాలి. దాన్ని కనీస పని అందాం. నియమాలు రెండు: ఒంట్లో బాగోలేకపోయినా చేయగలిగినంత చిన్నదై ఉండాలి, మొదటి అక్షరం రాయడానికి ఏమీ ఆలోచించనక్కరలేకుండా ఉండాలి. ‘భౌతికశాస్త్రం కొంచెం చదవడం’ పనికిరాదు. ‘వలయానికి, డిస్కుకు, ఘనగోళానికి జడత్వ భ్రామకాలు పుస్తకం చూడకుండా రాసి, తర్వాత చూసి దిద్దుకోవడం’ పనికొస్తుంది. మూడు పంక్తుల పని. చరిత్ర వాళ్లు శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా రాజవంశాల వరస రాసుకోవచ్చు. వాణిజ్యశాస్త్రం వాళ్లకు రెండు చిట్టాపద్దులు.

పది నిమిషాలయ్యాక ఇంకా చదవాలనిపిస్తే చదవండి. అనిపించకపోతే లేచిపోండి, నిజంగానే లేచిపోండి. నా విద్యార్థుల్లో సగానికి పైగా లేవలేదు. లేచినవాళ్లు కూడా మూడో రోజుకు మామూలు వేళకు వచ్చి కూర్చున్నారు. కూర్చునే వేళ చెడకపోవడమే ఆ రోజుకు కావలసింది.

ఇక ‘సోమవారం నుంచి’ వాళ్ల సంగతి. బుధవారం తప్పితే సోమవారం దాకా ఆగుతారు. కొందరు ఒకటో తారీఖు దాకా, మరికొందరు అమావాస్య వెళ్లేదాకా. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించినట్టు, వారం మొదట్లో, నెల మొదట్లో, సెమిస్టర్ మొదట్లో వ్యాయామశాలకు వెళ్లే విద్యార్థులు పెరుగుతారు. కొత్త రోజుకు ఊపు ఉంటుంది. ఆ ఊపును సోమవారం తప్పకుండా వాడుకోండి. గురువారం, శుక్రవారం, శనివారం మాత్రం దానికి దక్షిణగా ఇవ్వకండి.

ఈ వారం పని. ఇది చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. బుధవారం కావాలని చదువు మానేయండి. మొత్తంగా. పుస్తకం ముట్టుకోవద్దు. సైకిలు నేర్చుకునేటప్పుడు పడిన తర్వాత లేవడం ఎలాగో పడితేనే తెలుస్తుంది కదా, మెత్తని చోట చూసుకుని ఒకసారి పడదాం. ఇంట్లో అమ్మకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆ సాయంత్రం నా పేరు చెప్పి తప్పించుకోవలసి వస్తుంది. ఆ వారంలో పరీక్ష ఉన్నవాళ్లు దీన్ని తర్వాతి వారానికి మార్చుకోండి.

బుధవారం లోపు అట్ట లోపల కనీస పని అంటించి ఉండాలి. మీ పాత ఖాళీల నుంచి తీసిన ‘తే’ వాక్యాలు కనీసం రెండు రాసి ఉండాలి. గురువారం మామూలు వేళకు కూర్చుని, కనీస పని మాత్రం చేసి, కూర్చున్న వేళ రాయండి. బుధవారం పంక్తిలో ‘మాస్టారు మానమన్నారు’ అని రాసుకోవచ్చు, ఈ ఒక్కసారికి ఆ కారణం చెల్లుతుంది. శుక్రవారం ఎన్నింటికి కూర్చున్నారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. వచ్చే పాఠం ఆ పంక్తితోనే మొదలుపెడతాను, కాబట్టి దాన్ని శుక్రవారం నాడే, శుక్రవారం సిరాతోనే రాయండి.